నిశ్శబ్దం పెట్టె

పద్మలోచన స్విచ్ నొక్కింది. పక్క కల్యాణమండపం డీజే మోత కత్తిరించినట్టు ఆగిపోయింది. కిటికీ అద్దాలు మాత్రం ఇంకా అదురుతూనే ఉన్నాయి.

ఎదురు ఫ్లాట్ జరీనా ఒళ్లో పసిపాప కళ్లు మూసుకుంది. పుట్టినప్పటి నుంచీ ఆ బిడ్డకి కంటినిండా నిద్ర లేదు.

"ఇదెలా సాధ్యం మేడమ్?" జరీనా భర్త నయీం అడిగాడు.

"ధ్వని అంటే గాలిలో అల. బయటి నుంచి వచ్చే అలని ఈ మైకులు పట్టుకుంటాయి. చిప్ దానికి సరిగ్గా ఎదురు అలని పుట్టిస్తుంది. రెండూ కలిస్తే ఏమీ మిగలదు. గదిలో మన మాటలు మనకి వినిపిస్తాయి, గోడ అవతలివి వినిపించవు."

పద్మలోచన విజయవాడలో ఫిజిక్స్ లెక్చరర్. పాత ఫోన్ల మైకులు, తుక్కు స్పీకర్లతో వంటింటి బల్లమీదే ఆ పెట్టె తయారుచేసింది. దాని డిజైన్‌ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేసింది. వేసవి ముగిసేలోగా ఆ అపార్ట్‌మెంట్‌లో పెట్టె లేని ఇల్లు లేదు. పైవాళ్ల మిక్సీ, కిందవాళ్ల తగువులు ఎవరికీ వినిపించడం లేదు.

"మా బిల్డింగ్‌ని స్వర్గం చేశారమ్మా," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంట్ భుజంగరావు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నయీంకి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ పెళ్లి ఊరేగింపు వెనక ఇరుక్కుపోయింది. కిందికి దించితే మేమే సందు దాకా వచ్చి తీసుకెళతామన్నారు అంబులెన్స్ వాళ్లు ఫోన్‌లో. మనిషిని మోయడానికి నాలుగు చేతులు కావాలి. జరీనా ప్రతి తలుపూ బాదింది. గొంతు చిరిగేలా అరిచింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

పద్మలోచన చెత్తబుట్ట పెట్టడానికి తలుపు తీసేసరికి జరీనా గుమ్మం ముందు కూలబడి ఉంది.

"ఇంట్లోనే ఉన్నావా అక్కా?"

పద్మలోచన ఎదురింట్లోకి పరుగెత్తింది. అప్పటికే నయీం ఒళ్లు చల్లబడింది.

నాలుగో రోజున భుజంగరావు వచ్చాడు.

"పాపం, ఘోరం జరిగిపోయింది. కానీ మేడమ్... ఆ అమ్మాయి ఏడుపు మీ పెట్టెకి పూర్తిగా లొంగట్లేదు. అర్ధరాత్రి అన్నీ సద్దుమణిగాక సన్నగా వినిపిస్తూనే ఉంది. మా ఆవిడకి బీపీ. కాస్త పవర్ పెంచుతారా?"

"పెంచను," అంది పద్మలోచన.

"పోనీలెండి, డిజైన్ నెట్‌లో ఉందిగా. మావాళ్లెవరైనా చూస్తారు."

చూశారు. ఆ వారంలోనే మిగతా ఇళ్లన్నిటిలోనూ పవర్ పెరిగింది. పద్మలోచన తన పెట్టె వైర్లు పీకేసి, వీధి తలుపు బార్లా తెరిచి, జరీనా ఇంటికి వెళ్లింది. జరీనా తలుపు తీసింది, చూసింది, మళ్లీ వేసేసుకుంది.

తలుపు వెనక ఏడుపు మొదలైంది. అంత పెద్ద భవనంలో అది వినిపిస్తున్నది పద్మలోచన ఒక్కదానికే.