అమ్మకానికి పన్నెండెకరాలు

పరుగు!

పత్తి చేలో అడ్డంగా పడి పరిగెడుతోంది హారిక.

చీకటి పడుతోంది. ఎండిన కాయల మొనలు చేతుల మీద గీరుకుపోతున్నాయి. కుడికాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది.

వెనక బొలెరో హెడ్‌లైట్లు.

"డాక్టరమ్మా! ఆగు!"

బుల్లయ్య గొంతు. ఇందాకటిదాకా 'మీరు' అన్న గొంతు!

ఫోన్ స్కూటీ డిక్కీలో ఉంది. స్కూటీ ఫారం గేటు దగ్గర ఉంది. ఆ గేటుకి బుల్లయ్య తాళం వేసేశాడు.

ఆగితే చావే!

కాసేపటి క్రితం వరకూ ఆమె పొలం కొనడానికొచ్చిన మనిషి. అంతే.

పొన్నూరులో పశువుల డాక్టరు హారిక. పదేళ్లుగా ఊళ్లో అందరి గేదెలకీ వైద్యం చేస్తోంది. తనకంటూ ఒక డెయిరీ ఫారం ఉండాలని ఆశ. చీమకుర్తి దాటాక పన్నెండెకరాలు అమ్మకానికి ఉన్నాయని తెలిసింది. రెండు షెడ్లు, చుట్టూ కంచె, బోరు. పొలం బుల్లయ్యది.

రెండుసార్లు వచ్చి చూసింది. రెండుసార్లూ మోటారు వేయగానే నీళ్లు దూకాయి.

"తోడబుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా బుల్లయ్యగారూ? ఉంటే వాళ్లూ సంతకం పెట్టాలి కదా" అని కూడా అడిగింది.

"నేనొక్కణ్ణే డాక్టరుగారూ! నాకు ముందూ వెనకా ఎవరూ లేరు" అని నవ్వాడు.

అంతా బాగానే ఉంది. మరీ బాగుంది! అదే గుచ్చుకుంది ఆమెకి.

చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోతుంటే ఈ ఒక్క బోరులో ఇన్ని నీళ్లెక్కడివి? ఇరవై గేదెలు తాగాలి. వాటిని కడగాలి. పచ్చగడ్డి పెరగాలి. నీళ్లు లేని ఫారం కొంటే జీవితమంతా ట్యాంకర్ల వెంట తిరగడమే.

అందుకే ఇవాళ చెప్పకుండా వచ్చింది.

షెడ్డు వెనక తాటాకులు కప్పిన సంపు కనిపించింది. అంచున ట్యాంకరు టైర్ల గుర్తులు. సంపులోంచి మట్టి కిందుగా ఒక పైపు... నేరుగా బోరు దగ్గరికి!

బోరు ఉత్తదే! పోసింది ట్యాంకరు నీళ్లు!

అప్పుడే వెళ్లిపోవాల్సింది.

వెళ్లలేదు. వచ్చాను కదా, వెనక హద్దురాళ్లు కూడా చూద్దామనుకుంది.

అక్కడ ఒక పాత బావి. బుల్లయ్య ఎప్పుడూ చూపించని బావి. గ్రానైటు కోత మిషన్ల దగ్గర పారబోసే బూడిదరంగు బురదతో దాన్ని పూడ్చేశారు. మొన్నటి వానకి ఆ బురద మధ్యలో కుంగింది. రెండు కుక్కలు అక్కడే తవ్వుతున్నాయి.

"హే... పో!" అని అదిలించింది.

కుక్కలు పక్కకి జరిగాయి.

బురదలోంచి పైకి లేచి ఉంది... చెయ్యి.

మనిషి చెయ్యి! మణికట్టుకి దారం చుట్టిన కడియం.

వెనక్కి తిరిగేసరికి బుల్లయ్య!

"చెప్పకుండా వచ్చారేంటి డాక్టరమ్మా?"

"ఊరికే... హద్దులు చూద్దామని..."

"చూశారా?"

ఆమె చూపు బావి వైపు పోయింది.

"చూశావ్!" అన్నాడు. చేతిలో కొబ్బరిబోండాలు కొట్టే కత్తి. "పొలం చూడమంటే బావులు కెలుకుతావా!"

అప్పుడు మొదలైంది పరుగు.

ముళ్లకంచె!

పడుకుని కింద నుంచి దూరింది. వీపు మీద చొక్కా చిరిగింది. చర్మం కూడా. అయినా అవతల పడింది.

బొలెరో కంచె దగ్గర ఆగిపోయింది. డోర్ తెరుచుకున్న చప్పుడు. టార్చి వెలిగింది.

ఇటువైపు మిరప కల్లం. ఎండబెట్టిన కాయలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఒక పక్కన పట్టా కప్పిన పెద్ద రాశి. దాని వెనక నక్కింది హారిక.

ఘాటు... ముక్కులోకి, గొంతులోకి, కళ్లలోకి! వీపు మీది గాయానికి కారం అంటుకుని నిప్పు పెట్టినట్టుంది.

నోరు రెండు చేతులతో మూసుకుంది.

కాయల మీద అడుగులు. కరకర... కరకర...

దగ్గర పడుతున్నాయి.

వద్దు... వద్దు... దగ్గకూడదు...

దగ్గింది!

"ఘాటెక్కిందా డాక్టరమ్మా?" నవ్వాడు బుల్లయ్య. "గుంటూరు జిల్లాదానివి. ఈ మాత్రం అలవాటు లేదా?"

కత్తి గాల్లోకి లేచింది. హారిక పక్కకి దొర్లింది. పట్టా చిరిగి మిరపకాయలు జలజలా రాలాయి. రెండు గుప్పిళ్లు తీసి అతని మొహాన కొట్టింది!

"అబ్బా! నీ..."

మళ్లీ పరుగు!

దూరంగా ఒక లైటు. రేకుల ఇల్లు. అక్కడ ఉండేది పక్క పొలం సుబ్బరావమ్మ.

హారిక మొదటిసారి వచ్చినప్పుడు దారికి అడ్డంగా నిలబడింది ఆమే. చేతిలో అడవిపందుల కోసం తీసుకున్న లైసెన్సు తుపాకీ. "ఈ దారి నాది. బుల్లిగాడి పొలం కొంటే ఇటు అడుగు పెట్టనివ్వను!" అని అరిచింది. "పక్క పొలం పిచ్చిది. పట్టించుకోకండి" అన్నాడు బుల్లయ్య.

ఇప్పుడు ఆ పిచ్చిదే దిక్కు!

"అమ్మా! కాపాడండి!"

తలుపు తెరుచుకుంది. తుపాకీ బయటికొచ్చింది. దాని వెనక సుబ్బరావమ్మ.

"ఆగు! ఇంకో అడుగు వేస్తే కాల్చేస్తా!"

ఆగింది హారిక. ముందు తుపాకీ, వెనక కత్తి.

"నన్ను చంపేస్తాడమ్మా! వాళ్ల బావిలో శవం ఉంది!"

తుపాకీ దిగలేదు.

కళ్లు తుడుచుకుంటూ బుల్లయ్య వెలుగులోకి వచ్చాడు.

"ఆ పిల్లని నాకొదిలెయ్ అక్కా."

అక్కా?!

ఒక్కణ్ణే అన్నాడు. ఎవరూ లేరన్నాడు!

"ఇన్నాళ్లకి అక్క గుర్తొచ్చిందా?" అంది సుబ్బరావమ్మ. "నాన్న పోగానే నా వాటా మింగేశావ్. ఇప్పుడు నన్నడక్కుండా అమ్ముకుంటున్నావ్."

"నీ వాటా నీకిస్తా. ఆరెకరాలు! రేపే రాసిస్తా. ఈ పిల్ల మాత్రం బయటికి పోకూడదు."

సుబ్బరావమ్మ హారిక వైపు ఓ అడుగు వేసింది.

"ఒట్టా?"

"అమ్మ మీద ఒట్టు!"

తుపాకీ గొట్టం హారిక గుండెకి ఆనింది. చల్లగా ఉంది.

అయిపోయింది... అంతా అయిపోయింది!

"బావిలో ఎవడ్రా?" చూపు హారిక మీంచి తిప్పకుండానే అడిగింది సుబ్బరావమ్మ.

"ఎవడో క్వారీ కూలీ. తాగొచ్చి పడ్డాడు. నీకెందుకు?"

"నువ్వు చెప్పు పిల్లా. ఏం చూశావ్?"

"చెయ్యి..." అంది హారిక. "చేతికి రాగి కడియం. వదులవకుండా... లోపల దారం చుట్టి ఉంది."

"ఏ రంగు దారం?"

"పచ్చది."

సుబ్బరావమ్మ చూపు బుల్లయ్య మీదికి మళ్లింది.

"అక్కా... ఆ పిల్ల అబద్ధం..."

"ఆ దారం నేను చుట్టాను." గొంతు చాలా మెల్లగా ఉంది. "నా కొడుక్కి. నా బాలుకి. 'అమ్మా, మామయ్యతో వాటా సంగతి తేల్చుకొస్తా' అని పోయాడు. బెంగళూరులో ఉద్యోగం దొరికి పోయాడన్నావు కదరా!"

"వాడే ముందు నా మీద చెయ్యెత్తాడు అక్కా! నేను నెట్టానంతే... తల బావి రాయికి..."

ఆగిపోయాడు. అనకూడనిది అనేశాడు!

హారిక గుండె మీంచి గొట్టం పక్కకి తిరిగింది.

"వద్దమ్మా!" అరిచింది హారిక. "కాల్చకండి! నేను సాక్ష్యం చెప్తాను!"

సుబ్బరావమ్మకి వినపడలేదు.

"బురద పోస్తుంటే బతికే ఉన్నాడా? మామయ్యా అని ఎన్నిసార్లు పిలిచాడురా?"

బుల్లయ్య చేతిలోంచి కత్తి జారిపడింది. వెనక్కి తిరిగాడు. కల్లం వైపు పరుగు తీశాడు.

ఢాం!