గుండెల మీద కాసులమ్మ

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఒక నర్సింగ్ హోమ్ ఉండేది. దాని పేరు చెప్పను. మేడ మీద ఆడవాళ్ళ వార్డు, పక్కనే పొడుగాటి వరండా, వరండా చివర బాత్రూమ్. మేడ మొత్తానికి అదొక్కటే. ఆ బాత్రూమ్‌కి మాత్రం ఊళ్ళో ఒక పేరుంది... కాసులమ్మ బాత్రూమ్.

కాసులమ్మ ఎస్. రాయవరం వైపు నుంచి వచ్చిన బాలింత. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. రేపు ఇంటికి పంపేస్తామన్న రాత్రి ఆ బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎంతకీ రాలేదు. పిలిచారు, తలుపు బాదారు, చివరికి విరగ్గొట్టారు...

గోడకి చేరబడి కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి గుండెల మీద ఉంది.

ఒంటి మీద గాయం లేదు. అరిచినట్టు ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఇంకొకావిడ ఆ గడప దగ్గరే కూలిపోయింది. మరొకావిడ లోపలికి వెళ్ళి తిరిగి వస్తూ వరండా మధ్యలో పడిపోయింది. అందరూ బాలింతలే, అందరిదీ ఒకటే తీరు. పొద్దున నవ్వుతూ తుళ్ళుతూ ఉన్నారు, రాత్రి ఒక్కసారి "ఊపిరి..." అన్నారు — అంతే.

"కాసులమ్మ గుండెల మీద కూకుంటాది" అని ఊరంతా అనుకునేది. అనుకోవడానికి ఊరికి పెట్టుబడేం కావాలి?

రెండువేల నాలుగు వానాకాలంలో అప్పలనర్సమ్మ తన కూతురు బిందుమాధవిని ఆ వార్డులోనే చేర్చింది. వాళ్ళది కె. కోటపాడు దగ్గర పల్లె, చెరుకు వేసుకుని బతికే కుటుంబం. అల్లుడు కన్నబాబు మంచివాడే గానీ వాళ్ళమ్మ నోటికి జడిసే రకం. తొలి కాన్పు. ఆపరేషన్ అయింది, ఆడపిల్ల పుట్టింది.

బాలింతను ఎలా చూసుకోవాలో అప్పలనర్సమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. చెవులకి గుడ్డ కట్టింది. దాహమంటే చెంచాతో నోరు తడిపింది — పచ్చి ఒంటికి నీళ్ళు పడవని. మంచం మాత్రం దిగనివ్వలేదు. నర్సు సుజి వచ్చినప్పుడల్లా "లేపి నడిపించమ్మా" అనేది. "ఇప్పుడే నడిసిందమ్మా" అనేది అప్పలనర్సమ్మ. ఆ వార్డులో తోడొచ్చిన ఆడవాళ్ళందరూ ఆ మాటే అనేవారు. తిట్లు తప్పించుకోవడానికి అనాల్సిన మాట అది, అందులో ఎవరికీ తప్పు కనపడేది కాదు.

దానికి తోడు పక్క మంచం దగ్గర మరిడమ్మ ఉంది. పెద్దకోడలి పురిటికి వచ్చిన మనిషి. మొదటిరోజే అప్పలనర్సమ్మ దగ్గరికి జరిగి చెవిలో ఊదింది.

"వదినా... పిల్లని ఆ సివరికి పంపకు. ఏదైనా మంచం కాడే కానీయ్. కాసులమ్మ సంగతి తెల్దేటి నీకు?"

విన్నాక ఇంక లేపుతుందా?

బిందు అలా పడుకునే ఉంది. ఎడమ పిక్క బరువెక్కి లాగుతోందని ఒకటి రెండుసార్లు అంది. చూస్తే వాచింది. బాలింత నీరు అనుకుని తల్లి పాత చీర ముక్కతో గట్టిగా చుట్టేసింది.

ఆ రాత్రి వాన పట్టింది. కరెంటు పోయింది...

కింద చాప మీద కునికిన అప్పలనర్సమ్మ ఎందుకో ఉలిక్కిపడి లేచింది. చీకట్లో చెయ్యి పైకి చాపితే పసిదాని కాలు తగిలింది. దాని పక్కన తడిమింది...

దుప్పటి ఉంది. కూతురు లేదు.

"బిందూ..."

పలుకు లేదు. మంచం దగ్గర పాత్ర పెట్టించుకోవడం సిగ్గుగా ఉందని సాయంత్రమే గొణిగింది ఆ పిల్ల. అమ్మ నిద్ర చెడగొట్టడం ఎందుకని తనే లేచి వెళ్ళింది.

అప్పలనర్సమ్మ వరండాలోకి వచ్చింది. గోడ పట్టుకుని నడిచింది. నరసింహస్వామిని తలుచుకుంది. చివర తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ చప్పుడు వెనక — ఇంకో చప్పుడు...

ఎవరో ఊపిరి తీస్తున్నారు. గబగబా... అందీ అందకుండా...

"అమ్మా..."

బిందు గోడకి చేరబడి కూర్చుని ఉంది. చెయ్యి గుండెల మీద ఉంది.

"ఎవులో కూకున్నట్టుందే... గుండెల మీద..."

ఆ గదిలో ఇంకేముందో అప్పలనర్సమ్మ చూడలేదు. చూసే ధైర్యం లేదు. పిల్ల చంకల్లో చేతులేసి ఈడ్చుకొచ్చేసింది. మంచం మీద పడుకోబెట్టి, చెమట తుడిచి, సుజిని కేకేసే ముందు కూతురి చెవిలో ఒక మాట చెప్పింది.

"నువ్వు మంచం దిగనేదు. ఎవులడిగినా అదే సెప్పు. కాసులమ్మ పట్టిందని మీ అత్తకి తెలిత్తే... నిన్నింక గడప తొక్కనివ్వదే."

బిందు తలూపింది.

నర్సింగ్ హోమ్ డాక్టర్ త్రినాధరావు పరుగున వచ్చాడు. ఆక్సిజన్ పెట్టించాడు. ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డ వెళ్ళి అడ్డం పడిందేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. తెల్లారగానే విశాఖపట్నం పంపించాడు స్కాన్‌కి.

అక్కడ నరంలోకి ఏదో మందు ఎక్కించారు. గొట్టంతో గాలి పీల్పించారు. పెద్ద యంత్రం కింద పడుకోబెట్టారు. ఆ బొమ్మలు చదివే డాక్టర్ సురేష్ బాబు కుర్రవాడు, ఓపిక గలవాడు. తల్లినీ అల్లుడినీ లోపలికి పిలిచి టీవీలాంటి దాని మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాడు.

"ఇది గాలి బొమ్మ. గాలి అంతటా ఆడుతోంది. ఇది రక్తం బొమ్మ. రక్తం వెళ్ళినంతమేరా నల్లగా పడుతుంది. గాలి ఆడే చోటికి రక్తం వెళ్ళడం లేదంటే మధ్యలో గడ్డ అడ్డుపడిందని లెక్క. ఇదిగో, ఈ అంచున కొంచెం కొరికినట్టుంది, చూశారా?"

కన్నబాబు వంగి చూశాడు. "గడ్డేనాండి?"

"కావచ్చు, కాకపోవచ్చు. పెద్ద ముక్క లేచిపోయి ఉంటే నాకు అనుమానమే ఉండదు. ఇంత చిన్నదాన్ని బొమ్మ ఒక్కటీ చూసి తేల్చలేను. మనిషి సంగతి కూడా కలిపి చదవాలి. అందుకే అడుగుతున్నాను, జాగ్రత్తగా చెప్పండి. ఆపరేషన్ అయ్యాక లేచి నడిచిందా?"

అప్పలనర్సమ్మ అల్లుడి వైపు చూసింది.

"రోజూ నడుత్తాది బాబూ."

"ఆయాసం వచ్చినప్పుడు ఎక్కడుంది? లేచి ఎటైనా వెళ్ళిందా?"

"నేదు బాబూ... మంచం మీదే తొంగుంది."

"కాళ్ళు గానీ వాచాయా?"

"...నేదు బాబూ."

స్ట్రెచర్ మీద బిందు తల్లి వైపు ఒక్కసారి చూసి కళ్ళు మూసుకుంది.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా అబద్ధమాడకూడదంటారు. అనడానికేం, అంటారు. అల్లుడు పక్కన నిలబడి ఉంటే ఆడపిల్ల తల్లి ఏ నిజం చెబుతుంది? ఆ డాక్టరైనా దుప్పటి కాస్త ఎత్తి ఉంటే బాగుండేది. నోరు అబద్ధం చెబుతుంది గానీ వాచిన కాలు చెప్పదు. బాలింత పిల్ల, పక్కనే మొగుడు... మొహమాటపడ్డాడు. చదువుకున్నవాళ్ళ మొహమాటం కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

గడ్డ ఉండే అవకాశం తక్కువ అని రాసిచ్చాడు. మళ్ళీ ఆయాసం వస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. ఆ 'తక్కువ' కాస్తా అనకాపల్లి చేరేసరికి 'లేదు' అయిపోయింది. "ఏమీ లేదమ్మా, గ్యాస్ అయ్యుంటుంది, తీసుకుపోండి" అన్నాడు త్రినాధరావు.

కన్నబాబు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పలనర్సమ్మకి మాత్రం ఉన్న ఊపిరి పోయినంత పనైంది. అంత పెద్ద యంత్రానికి చిక్కలేదంటే... అది మనిషికొచ్చే జబ్బు కాదు. కాసులమ్మే.

కూతుర్ని పుట్టింటికి తెచ్చుకుని, మూడోకంటికి తెలియకుండా పోతురాజుకి కబురు పెట్టింది. దెయ్యాలు దింపడంలో చుట్టుపక్కల ఊళ్ళలో అతనికి పెద్ద పేరు. అతను బిందు చుట్టూ వేపమండ తిప్పి, జబ్బకి తాయెత్తు కట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అమాస దాటేదాకా పిల్ల కాలు నేల మీద ఆననీకు. నేల తగిలిందా... అది మళ్ళీ అందుకుంటాది."

ఆ తల్లి ఆ మాటని ప్రాణంలా పట్టుకుంది. అన్నం మంచం మీదే, అన్నీ మంచం మీదే. రాత్రులు తను నిద్రపోకుండా కూతురి కాలి మీద చెయ్యేసి కూర్చునేది, ఎక్కడ దిగిపోతుందోనని.

"కాలు లాగేత్తందే అమ్మా..."

"ఓర్సుకోమ్మా. అమాస దాటనీ."

అమావాస్య దాటింది. మర్నాడు దీపాలవేళ అప్పలనర్సమ్మ పెరట్లో వేణ్ణీళ్ళు కాచి తడిక చాటున పెట్టింది. దిష్టి తీసి, "ఇంక దిగు తల్లీ" అంది. బిందు నవ్వింది. కాన్పయ్యాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. కాళ్ళు కింద పెట్టింది. తల్లి భుజం పట్టుకుని గడప దాటింది, పెరట్లోకి వచ్చింది...

నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది.

"అమ్మా... మళ్ళీ కూకుం..."

అంతకు మించి మాట రాలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు కన్నబాబు అత్తని వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్ళాడు. "మిషన్లో ఏటీ నేదన్నాడు గదా ఆడు! నువ్వే సాక్ష్యం అత్తా, రా!" అని దారి పొడుగునా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

సురేష్ బాబు వాదించలేదు. ఆ రెండు బొమ్మలే మళ్ళీ తెరిచాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అప్పలనర్సమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"అమ్మా... ఆ రాత్రి అమ్మాయి నిజంగా ఎక్కడుంది?"

ఈసారి అల్లుడు పక్కనే ఉన్నా ఆవిడ దాచలేదు. ఇంక దేనికోసం దాచాలి? చీకటి వరండా, పిక్కకి చుట్టిన చీర ముక్క, చెంచా నీళ్ళు, పోతురాజు — అన్నీ చెప్పేసింది.

"కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుందమ్మా" అన్నాడు డాక్టరు. "నీళ్ళు తాగకపోతే ఇంకా తొందరగా. మంచం దిగి నడిచినప్పుడు ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ కొరికినట్టున్నది అదే. నేను కాలు చూడాల్సింది... చూడలేదు."

"మరి కాసులమ్మ?" అంది అప్పలనర్సమ్మ. "మిగతా ఆళ్ళు? అందరూ ఆ బాత్రూమ్ కాడే కదా బాబూ పోయేరు?"

డాక్టరు ఆ బొమ్మలు మూసేశాడు.

"రోజుల తరబడి పడుకోబెట్టిన మనిషి... మంచం దిగితే మొదట ఎక్కడికెళ్తుందమ్మా?"

తిరుగు బస్సులో కన్నబాబు ముందు సీట్లో కూర్చున్నాడు. అనకాపల్లిలో దిగి, వెనక్కి చూడకుండా తన దారిన వెళ్ళిపోయాడు. ఊరి బస్సు కోసం అప్పలనర్సమ్మ ఒక్కతే నిలబడింది. అక్కడే మరిడమ్మ కనపడింది. చిన్నకోడలికి నెలలు నిండాయట, ఆ నర్సింగ్ హోమ్‌లోనే చేర్చబోతున్నారట. బిందు పోయిన సంగతి వినే ఉంది, దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"వదినా... కాసులమ్మేనా?"

అప్పలనర్సమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"కాసులమ్మ కాదు వదినా. అక్కడ ఎవులూ నేరు. మంచం దిగనివ్వకుండా నా పిల్లని నేనే సంపుకున్నాను. నీ కోడల్ని తొంగోబెట్టకు. నీళ్ళియ్యి, లేపి నడిపించు... ఆ బాత్రూమ్‌కే పంపు వదినా. రోజూ పంపు!"

మరిడమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. చేతులు విడిపించుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది... ఇంకో అడుగు... కొంగు తల మీదికి లాక్కుని, జనంలో పడి గబగబా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రానికే బజారంతా పాకింది. కాసులమ్మ ఇప్పుడు అప్పలనర్సమ్మ ఒంట్లో చేరింది. కాకపోతే ఏ తల్లయినా బిడ్డను నేనే చంపానంటుందా? ఇంకో బాలింతని ఆ బాత్రూమ్‌కి పంపమని నోరారా అడుగుతుందా?

నర్సింగ్ హోమ్ వాళ్ళు ఎందుకొచ్చిన గొడవని ఆ బాత్రూమ్‌కి తాళం వేసేశారు. మరిడమ్మ చిన్నకోడలు ఆ వారమే చేరింది. ఆపరేషన్ అయింది, మగపిల్లాడు. కోడల్ని మంచం దిగనివ్వకుండా మరిడమ్మ కంటికి రెప్పలా చూసుకుంటోంది.