పేరు పట్టని ఓడ

మృణాళిని ఫైళ్ళ నకలు మళ్ళీ మొదలుపెట్టింది. పాత ఓడ ‘మిన్ను’ కంప్యూటర్లో ఫైలు చిరునామా రాస్తే ఫోల్డర్ల పేర్ల మధ్య గీత ఒకవైపు వాలుతుంది, కొత్త ఓడ ‘కెరటం’లో ఇంకోవైపు. పొద్దుటి నుంచీ ఆ గీతలతోనే సరిపోయింది. అవి దారికొచ్చాయనుకుంటే, మిన్ను ఫైళ్ళలో వరుస ముగిసిందని చెప్పే గుర్తు కెరటానికి అర్థం కాలేదు. విసుక్కుంటూనే అదీ సరిచేసింది. ఈసారి ఒక్క తప్పూ చూపకుండా శ్వాసపత్రాలు ఓడ దాటసాగాయి. మనిషికో పత్రం. అది చేరితేనే కెరటంలో గది తలుపు తీస్తుంది, గాలి వదులుతుంది.

సాయంత్రం మిన్నును విడగొట్టి ముంచేస్తారు.

ఇంతలో ఒకావిడ మూటతో లోపలికొచ్చింది.

“నా గది తెరుచుకోట్లేదమ్మా. నువ్వెవరో తెలీదంటంది.”

“మీ పేరు?”

“వాసుపల్లి పైడితల్లమ్మ. నూకరాజు కూతుర్ని.”

మృణాళిని వెతికింది. పైడితల్లమ్మ పత్రం ఉంది, కానీ అందులో తండ్రి అప్పలస్వామి.

“అది మా చిన్నాన్న కూతురు. ఇద్దరికీ నానమ్మ పేరే ఎట్టారు.”

మృణాళినికి ఒళ్ళు మండింది. మనిషి పేరు, తండ్రి పేరు కలిపి పత్రాలకు పెట్టిన పొడవాటి పేర్లను కెరటం మధ్యలో కోసేస్తోంది. తెలుగు అక్షరాలకు ఎక్కువ చోటు కావాలి. తండ్రి పేరు వచ్చేలోపే ఆ చోటు అయిపోయింది. ఇద్దరి పత్రాలకూ ఒకే పేరు మిగిలింది. వెనకొచ్చింది ముందుదాన్ని కిక్కురుమనకుండా తుడిచేసింది.

బదిలీ అధికారి భానోజీ విని చెయ్యి విదిలించాడు. “ఆవిడది చేత్తో ఎక్కించెయ్. ఒక్కరి కోసం ఆపుతామా?”

“ఆవిడ వచ్చి చెప్పబట్టి తెలిసింది సార్. రానివాళ్ళ సంగతి? పత్రాలకి అంకెలిచ్చి, పేర్లు లోపల రాస్తాను. టైమివ్వండి.”

“టైమెక్కడిది? పేర్లు పొట్టి చేసుకోమని చెప్పేద్దాం.”

“మా నానమ్మ పేరు నేనెందుకు కోసుకుంటాను?” అంది పైడితల్లమ్మ.

మృణాళిని కోడ్ తెరిచింది. అదే పేరుతో పత్రం ముందే ఉంటే తుడవకూడదు, చూపించాలి. పని పూర్తయిందని చెప్పకూడదు. ఆ సంకేతం అందకపోతే మిన్నును కెరటానికి కట్టి ఉంచిన కొక్కేలు ఊడవని ఆమెకు తెలుసు. నకలును మొదటి నుంచి నడిపించింది.

తెర మీద ఢీకొన్న పేర్లు ఒక్కొక్కటే పడసాగాయి. తెర నిండింది. పైకి జరిగి మళ్ళీ నిండింది. భానోజీ చేతిలో ఫోను మోగింది.

“కొక్కేలు ఎందుకు ఊడలేదని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?”

“నేనే ఆపానని చెప్పండి సార్. వీళ్ళందరికీ గది దొరికేదాకా మిన్ను కదలదని కూడా.”