గీత లేపే చెయ్యి

తొమ్మిది గంటల పాఠానికి ముందు కాలనీ ఏడో వరసలో దెబ్బలు మొదలయ్యేవి. మొదట చివరి ఇంట్లో, తరువాత పక్కింట్లో, అలా వరండా పొడుగునా. ఏడుపు మాత్రం వినిపించేది కాదు. ఏడిస్తే కళ్ళు మూసుకుపోతాయనీ, కళ్ళు మూస్తే గీత దిగుతుందనీ పిల్లలు అప్పటికే నేర్చుకున్నారు.

ఆ ఉదయం ఓబుళేసు కూతురి చేతిగోళ్ళు చూశాడు. ఎర్రగానే ఉన్నాయి.

"కాళ్ళు" అన్నాడు.

ఇంట్లో కుంద అని పిలిచే తొమ్మిదేళ్ళ ఉరుకుందమ్మ ఒక్కో పాదం ఎత్తి చూపింది. అక్కడా నీలం లేదు. నీలం కనిపిస్తే సాయంత్రానికి మనిషి ఉండడు. ఆ ఇంట్లో అది ఇద్దరికీ తెలుసు. ఐదు నెలల కిందట ఓబుళేసు పెళ్ళాం మాదేవికి అలాగే అయింది. పొద్దున ముగ్గు వేస్తూ తన వేళ్ళు తానే చూసుకుని, బిడ్డను దగ్గరికి రానీయకుండా బయటి అరుగు మీద కూర్చుంది. బండి వచ్చి తీసుకుపోయింది. శవాన్ని చూపలేదు. ఓబుళేసు అడిగితే చావు కాగితం చూపారు.

ఓబుళేసు కూతురి నుదుటికి శ్రద్ధాపట్టీ కట్టి, మేకుకు వేలాడుతున్న రబ్బరు బెల్టు ముక్క తీశాడు. గనిలో రాళ్ళు మోసే బెల్టులోంచి కోసిన ముక్క అది. ఒక కొసకు ఇనుప కొక్కెం ఇంకా ఉంది. అటువైపు ఎప్పుడూ తన గుప్పిట్లోనే పట్టుకునేవాడు.

"ఎన్ని నాయినా?"

"రెండు."

"నిన్న మూడు గదా."

"నిన్న లెక్కలు. ఈ పొద్దు తెలుగే."

కుంద రెండు చేతులూ చాపింది. రెండు పడ్డాయి. గోడ మీద పచ్చటి గీత గుబుక్కున లేచి తొంభై ఆరు దగ్గర నిలబడింది. గోడబడి వెలిగింది. అందులోని పంతులమ్మ నవ్వుతూ, "శుభోదయం ఉరుకుందమ్మా, ఎంత శ్రద్ధగా ఉన్నావో!" అంది.

గోళ్ళరోగం భయంతో బడులు మూసింది ఒక బుధవారం, పగలు పదకొండింటికి. అన్నం గంట కూడా కొట్టలేదు. పిల్లలను గేటు బయటికి తోసి, తలా ఒక పెట్టె చేతిలో పెట్టి, తాళం వేశారు. పెట్టెలో గోడకు అంటించే పలుచటి తెర, నుదుటికి కట్టే బూడిదరంగు పట్టీ ఉన్నాయి. తెర పాఠం చెబుతుంది. పట్టీ పిల్ల నాడి, చెమట, కంటిరెప్పల కదలిక కొలిచి, పిల్ల వింటోందో లేదో నూటికి ఇంత అని గీత గీస్తుంది. బేతంచెర్ల రాళ్ళ కాలనీలో తల్లిదండ్రులు ఆ పెట్టెలను చంకన పెట్టుకుని ఇళ్ళకు పోయారు. వాటిని ఏం చేయాలో, పిల్లలను ఏం చేయాలో, పని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

నిబంధన ఒకటి మాత్రం తెర మీద రోజూ వచ్చేది. గీత వరసగా మూడు రోజులు అరవైకి లోపల ఉంటే ఆ ఇల్లు చదువుకు పనికిరాదు. విద్యామండలి బండి వచ్చి పిల్లను శ్రద్ధాలయానికి తీసుకుపోతుంది. పేరు బాగుంది. లోపల మూడు వందల మంది పిల్లలు ఒకే హాలులో పక్కపక్కనే పడుకుంటారు. గోళ్ళరోగానికి అంతకంటే అనువైన చోటు లేదు. అక్కడికి పోయిన పిల్ల తిరిగి రావడం ఏ వరసా చూడలేదు.

మాదేవి పోయాక కుంద గోడవైపు కూర్చునేది గాని చూసేది కాదు. మొదటి రోజు నలభై ఒకటి. రెండో రోజు ముప్పై ఎనిమిది. మూడో రోజు ఓబుళేసు పనిలో ఉన్నాడు. ఆ కాలానికి గనుల్లోకి మనుషులు దిగడం మానేశారు. ఇంట్లో చేతొడుగులు తొడుక్కుని కూర్చుంటే, పది కిలోమీటర్ల అవతల గనిలో దూరహస్తం అతడి చేతులు కదిలినట్టల్లా కదిలి నాపరాయి కోసేది. అతడు రాయి కోస్తూనే కూతుర్ని బతిమాలాడు. గోడవైపు చూడమన్నాడు. కథ చెబుతున్నారు వినమన్నాడు. గీత ముప్పై ఐదుకు దిగింది.

"అమ్మ యాడుండాది నాయినా?" అంది కుంద.

చెయ్యి దానంతటదే లేచింది. చేతొడుగు ఉందన్న సంగతి మరిచిపోయాడు. ఇక్కడ పిల్ల చెంప పగిలింది. అక్కడ గనిలో ఇనుప చెయ్యి గిర్రున తిరిగి, కోసి పేర్చిన బండలను బద్దలు కొట్టింది.

"ఒరే ఓబుళేసూ! ఏం జేస్తాండావ్‌రా! నాలుగు బండలు పాయె!" చెవికి పెట్టుకున్న ఫోనులో మేస్త్రీ అరిచాడు.

ఓబుళేసు గోడవైపు చూస్తున్నాడు. గీత తొంభై ఆరు మీద ఉంది. కుంద నోట్లోంచి నెత్తురు గౌను మీద పడుతోంది. గోడలోని పంతులమ్మ, "చాలా చక్కగా వింటున్నావు" అంటోంది.

పిల్ల పాఠం వింటే కళ్ళు పెద్దవి చేస్తుంది, రెప్ప వేయదు, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. పిల్ల భయపడినా అంతే. పట్టీని తయారుచేసినవాళ్ళు మంచి బడుల్లో, మంచి ఇళ్ళ పిల్లలను కూర్చోబెట్టి కొలిచారు. భయపడిన పిల్లను కొలిచి చూడాలని వాళ్ళకు తోచలేదు.

ఓబుళేసుకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. తాను చదివిన ఊరిబడిలో గోడకుర్చీ, తొడపాశం, ఈతబెత్తం లేని రోజు లేదు. చదువు అలాగే ఎక్కుతుందని అతడి నమ్మకం. ఆ బడిలో చెప్పిన పాఠం ఒక్కటీ అతడికి గుర్తులేదు. గచ్చు మీద పంతులు చెప్పుల చప్పుడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

పక్కింట్లో ఉండే మాబున్ని అనే ఆమె పిట్టగోడ మీదుగా అడిగింది. ఆమెకు ఇద్దరు. పదకొండేళ్ళ జిలానీ, కుంద ఈడు నూరి.

"ఏం పెడ్తాండావ్ అన్నా పాపకి? దాని గీత తొంభైకి తగ్గదంట గదా. మావాడు మూడు దినాలకొకసారి అరవై దాటేకి సస్తాండాడు."

"రబ్బరు పెడ్తాండా."

ఆమె నవ్వింది. అతడు నవ్వలేదు. కుంద గౌను కాస్త పైకెత్తి వాతలు తేలిన పిక్కలు చూపాడు.

"థూ!" మాబున్ని నిజంగానే ఉమ్మింది. "తల్లి లేని బిడ్డని! చేతులు పడిపోవా నీకి?"

"పడిపోనీ. బిడ్డ ఇంట్లో ఉండాది. నీ కొడుకు ఎన్నాళ్ళుంటాడో చూసుకో."

ఆ మాట అన్న ఎనిమిదో రోజున బండి వచ్చింది. తెల్లటి తొడుగుల్లో నలుగురు. జిలానీని కాళ్ళూ చేతులూ పట్టి మోసుకుపోతుంటే వాడు ఒకడి చెయ్యి కొరికాడు. వాడి మూతి మీద మోచేత్తో ఒక్కటి పొడిచారు. పళ్ళు రాలాయి. మాబున్ని పరుగెత్తి బండి తలుపు పట్టుకుంది. తలుపుకు మనిషి వేళ్ళు అడ్డంగా ఉన్నాయో లేదో చూసే ఏర్పాటు లేదు. అది మూసుకుంది. బండి కదిలాక గాని ఆమె చెయ్యి బయటికి రాలేదు. వచ్చినప్పుడు రెండు వేళ్ళు తక్కువగా వచ్చింది.

గడపలో నిలబడిన కుంద తండ్రి కడుపులో మొహం దాచుకోబోయింది. ఓబుళేసు ఆ మొహం పట్టి వీధివైపు తిప్పాడు.

"చూడు. బాగా చూడు. గీత దిగితే ఇదే."

ఆ పూట కుంద గీత తొంభై తొమ్మిది. రబ్బరు తీయనక్కర లేకపోయింది.

తొమ్మిది రోజులకు జిలానీ పేరు మీద కాగితం వచ్చింది. పదో రోజు పొద్దున మాబున్ని నూరి రెక్క పట్టుకుని గడపలో నిలబడింది. చేతికి కట్టు ఉంది.

"నువ్వు కొట్టన్నా" అంది. "నాకు చెయ్యి లేయదు. బాగున్న చెయ్యి గూడా లేయదు."

"ఆ పొద్దు ఉమ్మినావే."

"ఉమ్మినా. మళ్ళా ఉమ్ముతా. ముందు కొట్టు."

నూరి చెయ్యి చాపింది. కుంద పక్కన నిలబడి నేర్పింది.

"ఎనక్కి లాక్కోవద్దే. లాక్కుంటే మోకాటికి తగుల్తాది, అది ఇంగా నొప్పి. గోడ సూడు. గీత లేస్తానే ఆపేస్తాడు మా నాయిన."

నాలుగు దెబ్బలకు తొంభై నాలుగు వచ్చింది. కుంద తన గౌను అంచుతో నూరి ముక్కు తుడిచింది. మాబున్ని ఇంటి బయట గోడవైపు తిరిగి నిలబడి, దెబ్బకొకసారి తన నుదురు ఆ గోడకేసి కొట్టుకుంది.

ఆ తరువాత మిగతా ఇళ్ళవాళ్ళూ వచ్చారు. చేతనైనవాళ్ళు చూసి నేర్చుకుని పోయారు. చేతకానివాళ్ళు పిల్లలను పంపారు. కొట్టడం అనేమాట ఎవరూ వాడేవారు కాదు. గీత లేపడం అనేవారు. "మావాడిది ఈ పొద్దు లేపినావా అన్నా?" "లేపినాలే, పాలు తాపు పో." ఏడో వరసలో ఆ తరువాత ఒక్క పిల్లా శ్రద్ధాలయానికి పోలేదు. విద్యామండలి ఆ వరస మొదట్లో 'ఆదర్శ వరస' అని రాగిరేకు తాపడం చేయించింది. ఒకడు బలపంతో దాని కింద ఓబుళేసు పేరు రాశాడు. ఓబుళేసు దాన్ని తుడవలేదు.

బడులు మూసిన ఏడో నెలలో రోగానికి మందు వచ్చింది. గోళ్ళు నీలమైన మనిషి కూడా బతకడం మొదలుపెట్టాడు. శ్రద్ధాలయాలకు తాళాలు పడ్డాయి. ఒక సోమవారం బడులు తెరిచారు. పట్టీలు మాత్రం ఉంచేశారు. మండలికి గీతలు నచ్చాయి.

బుధవారం పదకొండింటికి ఓబుళేసుకు బడి నుంచి కబురు వచ్చింది.

తరగతి గది నేల కడిగారు గాని బల్లల సందుల్లో ఇంకా ఎర్రగా ఉంది. పెద్ద టీచరమ్మ అతణ్ణి కూర్చోమనలేదు. బల్ల మీద గుడ్డలో చుట్టిన రబ్బరు ముక్క పెట్టింది. ఇనుప కొక్కేనికున్న నెత్తురు గుడ్డను తడిపేసింది.

"ఇది మీ ఇంట్లోదేనా?"

"ఊఁ."

"సంచిలో పలక పక్కన పెట్టుకుని మూడు రోజులుగా తెస్తోంది. మేము చూడలేదు."

"ఎవురికి తగిలింది?"

"నూర్జహాన్ అనే పిల్లకు. ఎడమ కన్ను పోయింది. కర్నూలు తీసుకుపోయారు. తల్లి కూడా వెంట వెళ్ళింది."

ఓబుళేసు బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ తరగతికి పాఠం చెప్పే చిన్న టీచరు, ఇరవై రెండేళ్ళ పిల్ల, గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది.

"నేను గట్టిగా మాట్లాడను సార్. నా పాఠంలో గీతలన్నీ దిగిపోయేవి. ఈ రోజు మీ అమ్మాయి మధ్యలో లేచి నూర్జహాన్ దగ్గరికి పోయింది. చెయ్యి చాపు అంది. ఆ పాప చాపింది కూడా. ఇద్దరూ ఆటలాడుతున్నారనుకున్నా. చేతుల మీద కొట్టింది. గీత లేవలేదు. ఆ పాపకు అలవాటైపోయిందేమో. మీ అమ్మాయి బెల్టు తిప్పి పట్టుకుని, ఇనుము ఉన్న వైపుతో మొహాన కొట్టింది. మూడుసార్లు."

"నువ్వేం జేస్తాంటివి?"



"గోడ చూస్తున్నా సార్. గదిలో నలభై గీతలూ ఒక్కసారే పైకి లేచాయి. నేనెప్పుడూ అంత చూడలేదు. ఒక్క క్షణం... నా పాఠం వింటున్నారనుకున్నా."

పెద్ద టీచరమ్మ ఆమెను ఆపి, ఓబుళేసువైపు తిరిగింది. "మీ పాపను ఎందుకు కొట్టావని అడిగాను. ఏమందో తెలుసా? 'మూడో రోజు గదా టీచర్. నూరి గీత యాభై మీదనే ఉండాది. ఈ పొద్దు లేపకుంటే బండి వస్తాది' అంది. 'వాళ్ళన్నను తీసుకపోయినారు, దీన్ని గూడా తీసుకపోతారు' అంది. నూరి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నొప్పి తగ్గుతాదిలే, గీత లేచింది సూడు అని చెబుతూనే ఉంది."

శ్రద్ధాలయాలు మూసేశారని పిల్లలకు ఎవరూ చెప్పలేదు. మండలి చెప్పలేదు. బడి చెప్పలేదు. ఓబుళేసు చెప్పలేదు. చెబితే గీత దిగుతుందని ఊరుకున్నాడు.

"యాడుండాది?"

వరండా చివరి గదిలో ఉందని చూపించారు. తలుపు మూసి ఉంది. తలుపుకు పైన పెట్టిన చిన్న తెరలో కుంద గీత కనిపిస్తోంది. నలభై నాలుగు. పక్కనున్న గాజుపలకలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. బల్ల ముందు ఒక్కతే కూర్చుని, వేలితో బల్ల మీద ఏదో గీసుకుంటోంది. పిల్లలా ఉంది.

ఓబుళేసు నడిచాడు. నాపరాళ్ళు పరిచిన వరండా అది. అతడి చెప్పులు టపటపలాడాయి.

గీత యాభై ఐదయింది. కుంద వేలు ఆగింది.

ఇంకో నాలుగడుగులు వేశాడు. డెబ్భై. కుంద వీపు నిటారుగా అయింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పని లేదు.

తలుపు దగ్గరికి చేరేసరికి తొంభై ఏడు. కూతురు రెండు చేతులూ బల్ల మీదుగా ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి సిద్ధంగా ఉంది.

ఓబుళేసు ఆగిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. చెప్పు చప్పుడైంది. గీత వణికింది గాని దిగలేదు. అతడు వంగి, చెప్పులు ఒకటొకటే విడిచి చేత్తో పట్టుకున్నాడు. ఉత్తకాళ్ళతో, చప్పుడు చేయకుండా, వరండా ఆ చివరిదాకా వెనక్కి నడిచి నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి తల ఎత్తి చూశాడు. తొంభై ఏడు. పిల్ల ఇంకా వింటూనే ఉంది.