చిలక్కొయ్యకు సంచి

ఆ పొద్దున ఆదెప్ప ఇంట్లో విత్తనానికి వేరుశెనగ బుడ్డలు వొలుస్తూనే ఉత్తుత్తి ఇంటర్వ్యూ జరుగుతోంది. అధికారి ఆదెప్ప పెళ్ళాం వెంకటలక్ష్మమ్మ, అందుకని మొగుడి కళ్ళజోడు పెట్టుకుంది. అభ్యర్థి ఆమె కూతురు పుష్పావతి. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం పడింది. పది పాసై, పెళ్ళై, ఆ ఊళ్ళోనే ఉండే ఆడమనిషి కావాలన్నారు.

"నీ గురించి చెప్పమ్మా."

"నీ కూతుర్ని మేడమ్."

"సిఫార్సులు పనికిరావు. ఈ ఉద్యోగం ఎందుకు కావాల?"

"పిల్లోల్లంటే ఇష్టం మేడమ్."

"అబద్ధం. నిన్న మారెక్క మనవణ్ణి చీపురుతో తరిమినావు."

పుష్పావతి నవ్వింది. దరఖాస్తులో భర్త పేరు తడుముకోకుండానే రాసింది. ఆ భర్త బెంగళూరులో ఇంకొకామెతో కాపురం పెట్టి మూడేళ్ళు. 'స్థిర నివాసం' అన్నచోట మాత్రం కలం ఆగింది. జవాబు తెలియక కాదు, నాయన చూస్తున్నాడని.

ఆదెప్ప దృష్టిలో కూతురు ఇంకా చుట్టపుచూపుకే వచ్చి ఉంది. ఎవరడిగినా "రెండు దినాలుండి పోతాది" అంటాడు. మర్యాదగల ఊరు, ఆ రెండు దినాలను ఇన్నాళ్ళూ నమ్ముతూనే ఉంది. ఆమె తెచ్చుకున్న సంచి చిలక్కొయ్యకే వేలాడుతోంది. ఉతికిన చీరలు మళ్ళీ అందులోకే చేరతాయి.

ఎండెక్కాక, దరఖాస్తుకు జతచేసే నివాస ధ్రువపత్రం కోసం విచారణకు మండలాఫీసు గుమాస్తా వచ్చాడు. పక్కింటి మారెక్క సాక్షిగా వచ్చి గడపలో కూర్చుంది.

"ఏమప్పా ఆదెప్పా, మీ పాప ఈ ఊర్లోనే ఉంటాదా?"

"లేదు సార్." ఆదెప్ప నోరు అలవాటు ప్రకారం పని చేసింది. "మమ్మల్ని చూసి పోదామని వచ్చిండాది. రెండు దినాలుండి పోతాది."

గుమాస్తా కలానికి మూత పెట్టేశాడు. "అట్లయితే నేనేమీ రాయలేనప్పా" అని టీ కొట్టు వైపు నడిచాడు. మారెక్క తల వంచుకొని వెళ్ళిపోయింది.

"ఎంత పని చేసినావు నాయనా!"

"నోట్లోనుంచి వచ్చేసింది పాపా. మారెక్క ముందర ఎట్ల చెప్పేది?"

"మారెక్కకు తెలీదా? ఊర్లో కుక్కలకు గూడా తెలుసు. ఆయప్ప రాడు, నేను పోను. తెలీనిది నీకొక్కడికే!"

"నాకూ తెలుసు." ఆదెప్ప చిలక్కొయ్యకున్న సంచి వైపు చూశాడు. "నా నోటితో అంటే నిజమైపోతాదని భయం." విసురుగా లేచి సంచి అందుకున్నాడు. "ఇది ఈపొద్దే పెట్టెలో కుమ్మరిస్తా."

"వద్దు నాయనా! దాన్ని ముట్టుకోవద్దు!"

సంచిని లాక్కుని గుండెకు హత్తుకున్నాక పుష్పావతికి తన అరుపు తనకే వినిపించింది. తల్లి చేతిలో బుడ్డలు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ ఉతికిన చీరలు మడిచి ఆ సంచిలో పెట్టింది నాయన కాదు. ఎవరో బెంగళూరు బస్సు దిగి "పోదాం పా" అంటే ఆలస్యం కాకూడదని, ప్రతిసారీ తనే పెట్టింది.

నేలమీద కూలబడి ఏడ్చింది. ఆదెప్ప పక్కనే గొంతుక్కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక ఆమె తలమీద చెయ్యి వేశాడు.

కాసేపటికి ఆమే సంచిని పెట్టెలో బోర్లించింది.

"నువ్వు పో నాయనా. ఆ సారు టీ తాగి ఎలబారిపోతాడు."

ఆదెప్ప చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. టీ కొట్టు దగ్గర ఊరు ఊరంతా వింటుండగా, "ఇందాక తప్పు చెప్పినా సార్. నా బిడ్డ యాడికీ పోదు. ఈడనే ఉంటాది, రాసుకోండి" అని, తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంట్లో పుష్పావతి ఖాళీ గడిలో ఊరి పేరు రాసింది. వెంకటలక్ష్మమ్మ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది.

"ఇందాకటి ప్రశ్నకు సరిగ్గా చెప్పలేదు నువ్వు. ఈ ఉద్యోగం ఎందుకు కావాల?"

"ఈడ ఉండేదానికి, మేడమ్."

అధికారి కళ్ళజోడు తీసి, కొంగుతో అద్దాలకు బదులు కళ్ళు తుడుచుకుంది.