సత్యశ్రీకి రాని జబ్బు

రొయ్యల చెరువుకి వెళ్ళే మగవాళ్ళకి కాఫీలిచ్చి, సత్యశ్రీ వసారాలో కూర్చుని తోడికోడలు దివ్య కూతురికి ఇడ్లీ తినిపిస్తోంది. చివరి గదిలోంచి, మాస్కు పెట్టుకున్న దివ్య అటే చూస్తోంది.

"పిన్నీ, ఇంకో ముద్ద" అంది పాప.

దివ్య మనసు చివుక్కుమంది. తనకి క్షయ అని తేలినప్పటినించీ పాప పిన్ని పక్కలోనే పడుకుంటోంది. కిందటేడు అత్తగారు అచ్చాయమ్మ ఇదే జబ్బుతో మంచం పడితే ఇద్దరూ ఒకేలా చాకిరీ చేశారు. తనేమో పుల్లలా అయిపోయింది. సత్యశ్రీ బుగ్గలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఈ దగ్గు దానికీ పట్టుకుంటే తెలుస్తుంది అనుకుంది కసిగా.

"అక్కా, పాలు" అంటూ సత్యశ్రీ గుమ్మం దగ్గర గ్లాసు పెట్టింది.

"నా పిల్లని నాకు కాకుండా చేసి పాలు తెచ్చేవా? ఇద్దరం చేసేం కదా అత్తయ్యగారికి? నాకే ఎందుకొచ్చింది? నీకెందుకు రాలేదు?"

సత్యశ్రీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఏమోనక్కా. ఇంట్లో అందరికీ పరీక్షలు చేసేరుగా, రేపు అమలాపురంలో నా రిపోర్టు ఇస్తారు. డాక్టరుగారినే అడుగుదాం."

మర్నాడు డాక్టరు ఇద్దరి రిపోర్టులూ చూశారు. "దివ్యగారూ, మీ కళ్ళెలో ఇప్పుడు క్రిమి లేదు. పాపని దగ్గరికి తీసుకోవచ్చు. మాత్రలు మాత్రం ఆపకండి."

"ఆయ్, అలాగేనండి."

ఆయన సత్యశ్రీ వైపు తిరిగారు. "అమ్మా, మీ ఒంట్లోనూ క్రిమి ఉంది."

సత్యశ్రీ మొహం పాలిపోయింది.

"కంగారు పడకండి. మన ఒంట్లో టీ కణాలని ఉంటాయి. అవి క్రిమిని గుర్తుపట్టి, దాన్ని మింగిన కణాలకి బలమిస్తాయి. అన్నీ కలిసి చుట్టుముట్టి దాన్ని కదలనివ్వవు. మీలో ఆ కాపలా గట్టిగా ఉంది. షుగరు పెరిగి దివ్యగారిలో సడలింది. మీ నుంచి ఎవరికీ అంటదు. ఆ క్రిమి ముందుముందు లేవకుండా కొన్నాళ్ళు మాత్రలు వేసుకోండి."

దివ్య సత్యశ్రీ వంక చూసింది. తను కసిగా కోరుకున్నది ఆ పిల్ల ఒంట్లో ఎప్పుడో చేరి కూర్చుంది!

ఆటో ఎక్కాక సత్యశ్రీ మెల్లగా అంది. "అక్కా, పాపని ఇంక నీ దగ్గరే పడుకోబెట్టుకో. అంటదన్నారు గానీ, నాకు భయంగా ఉంది."

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాటే అది. వినగానే దివ్య భోరుమంది.

"నీకూ రావాలని అనుకున్నానే, సత్యా! నా కడుపుమంట అలాంటిది."

"నీ చోట నేనున్నా అలాగే అనుకునేదాన్నేమో అక్కా."

దివ్య కళ్ళు తుడుచుకుంది. "ఆ మాత్రలకి మొదట్లో వికారంగా ఉంటుంది. దగ్గరుండి నేను చూసుకుంటాను. నువ్వు భయపడకు."

అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చి, సత్యశ్రీ అక్క ఒళ్ళో తల పెట్టేసుకుంది.