ఒంటి కమ్మ

2024 నవంబరు 14, గురువారం. ఆ ఉదయం ఎస్సై జనార్ధన్ తిన్నది ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఇప్పటికీ గుర్తే. రెండో బజ్జీ సగంలో ఉండగా ఫోన్ మోగింది. టైమ్ ఎనిమిదీ పది.

ఎమ్మిగనూరులో రిటైర్డ్ టీచర్ నరహరి ఇంట్లో దొంగతనం. చనిపోయిన భార్య ఏడురాళ్ల కమ్మల్లో ఒకటి పోయింది.

జనార్ధన్ వెళ్లేసరికి పనిమనిషి గంగమ్మ వాకిట్లో నిలబడి ఉంది. పదకొండేళ్లుగా ఆ ఇల్లు ఊడ్చిన మనిషి. ఇవాళ లోపలికి రానివ్వలేదు. మాధవరం నుంచి వచ్చిన నరహరి అక్క భీమాబాయి గడప దగ్గరే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"తీసుకపోయి గట్టిగా అడుగప్పా. అదే కక్కుతుంది," అంది భీమాబాయి.

"సార్, నా పేరు స్టేషన్‌కెక్కితే ఈ ఊర్లో ఇంగ ఏ ఇంటోళ్లూ నన్ను గడప తొక్కనీరు," అంది గంగమ్మ. ఏడవలేదు.

జనార్ధన్ నరహరి వైపు తిరిగాడు.

"కమ్మలు యాడ పెట్టినారు సార్?"

"నిన్న మా ఆవిడ పుట్టినరోజు. ఫొటో ముందర ఆకేసి ఓళిగ, అదే బొబ్బట్టు, పెట్టినా. కమ్మలు ఆ ఓళిగ మీదనే పెట్టినా."

"ఎప్పుడు?"

"మూడున్నరకు. నాలుగింటికి గంగమ్మ ఊడ్చి పోయింది. నాలుగున్నరకు చూస్తే ఒక కమ్మే ఉంది."

"ఓళిగ?"

"కరియ తినేసింది."

మంచం కింద నల్లకుక్క కళ్లెత్తి చూసింది. నోటి నుంచి చొంగ కారుతోంది. మాటిమాటికీ గుటక వేస్తోంది.

"అయితే కమ్మ కూడా..."

"నేనూ అదే సెప్పినా సార్," అంది గంగమ్మ. "నిన్న సాయంత్రమే ఆటోలో ఆదోనికి పిల్చకపోయినాం. ఎక్స్‌రే తీసినారు. కడుపులో ఏం లేదన్నారు."

"చెప్పింది మనిషి కాదప్పా, కంప్యూటరు," అంది భీమాబాయి. "దానికి గంగమ్మ మీద పగా? కుక్కతో చుట్టరికమా?"

"దొంగ ఒక కమ్మ వదిలిపెట్టి పోతుందా అమ్మా?"

"తెలివైన దొంగ. నీలాంటోళ్లు ఇట్లా అడుగుతారనే వదిలింది."

జనార్ధన్‌కు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. నరహరి ఫోన్ తీసుకుని క్లినిక్ పంపిన రిపోర్టు చూశాడు. ఏఐ తయారుచేసిన రిపోర్టు. చివరి ముక్క పెద్ద అక్షరాల్లో ఉంది: మింగిన వస్తువు లేదు. అందరూ చదివింది అదే. అతను పైనుంచి చదివాడు. మూడో వరుస దగ్గర ఆగాడు.

మంచం పక్కన గొంతుక్కూర్చుని కరియ మెడ నిమిరాడు.

"దీనికి గజ్జె బెల్టు కట్టరా సార్?"

"ఎప్పుడూ కట్టలేదు. మా ఆవిడ ఒప్పుకునేది కాదు."

"నిన్న గూడా?"

"లేదు."

జనార్ధన్ లేచాడు. "అందరూ జీపెక్కండి. కరియ గూడా."

పదకొండూ ఇరవైకి ఆదోని క్లినిక్‌లో ఉన్నారు. డాక్టర్ భూమిక నిన్న చిప్పగిరిలో పశువైద్య శిబిరానికి వెళ్లింది. ఎక్స్‌రే తీసింది కాంపౌండరు శేఖర్. రిపోర్టు ఆమె ఫోన్‌కు పంపింది కూడా అతనే.

"శేఖర్, ఎక్స్‌రేకు ముందు కంప్యూటర్‌లో ఫారం నింపేది నువ్వేనా?"

"నేనే సార్."

"మెడకు గజ్జె ఉందా అని అడుగుతుంది. ఏం పెట్టినావు?"

"ఉందనే పెడ్తా సార్. మన పక్క గజ్జె లేని పెంపుడుకుక్క యాడుంది? విప్పబోతే కరుస్తాయి. అందుకే అన్నిటికీ..."

అతని చూపు కరియ మెడ మీద పడింది. అక్కడ వెంట్రుకలు తప్ప ఏమీ లేవు.

జనార్ధన్ మూడో వరుస పైకి చదివాడు. "మెడ దగ్గర గుండ్రని లోహం. ఫారం ప్రకారం గజ్జె. లెక్కలోకి తీసుకోలేదు." అందరి వైపూ చూశాడు. "కంప్యూటరు కమ్మను చూసింది. గజ్జె అని మనం చెబితే నమ్మింది. కమ్మ కడుపు దాకా పోలేదు. అన్నవాహికలో ఇరుక్కుంది."

"చివరి వరుస చదివి ఊరుకున్నాను. బొమ్మ తెరిచి చూడలేదు," అంది భూమిక.

మళ్లీ ఎక్స్‌రే తీశారు. మత్తిచ్చి, పొడవాటి ఫోర్సెప్స్‌తో ఆమె కమ్మను బయటికి తీసేసరికి ఒంటిగంట దాటింది. రాళ్లు ఏడూ ఉన్నాయి.

గంగమ్మ కమ్మ వైపు చూడలేదు. కుక్క ఊపిరి పీల్చుకుంటోందా అని చూస్తోంది.

సాయంత్రం ఏడింటికి కరియతో పాటు అందరినీ జనార్ధనే ఇంటికి చేర్చాడు. భీమాబాయి వంటింట్లోకి వెళ్లిపోయింది. నరహరి చేతులు జోడించాడు.

"గంగమ్మా, తప్పయిపోయింది. అక్క అంటాంటే నేను నోరెత్తలేదు. రేపట్నించి మామూలుగా రా."

"కుక్క గొంతులో దొరకబట్టి సరిపోయింది సార్. దొరక్కపోయింటే?"

నరహరి చేతులు దించేశాడు. నేరం చేసిందెవరో చెప్పడం జనార్ధన్ పని. పదకొండేళ్ల నమ్మకాన్ని తిరిగి తెచ్చే సెక్షన్ ఏదీ అతనికి తెలియదు.

గంగమ్మ వంగి కరియ కింద పాత చీర సర్దింది.

"మూడు దినాలు మెత్తగ గంజన్నం పెట్టల్లంట. మీకు చేతగాదు. మూడు దినాలూ వస్తా. దాని కోసం."

"ఆ తర్వాత?" అన్నాడు నరహరి.

కుక్కకు అప్పుడే కునుకు పట్టింది. గంగమ్మ గడప దాటి, చప్పుడు కాకుండా, రెండు చేతులతో తలుపు దగ్గరికి వేసింది.